అమెరికాలో మన వైద్యులు: రెండేండ్ల నిబంధన చరిత్రము

మహాసభా సంచికకు చారిత్రకవ్యాస మొకటి వ్రాయవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరినపుడు, వా రాశించినది బహుశః ఏ దానశాసనమును గూర్చియో, ఏ పూర్వుల గ్రామనిర్మాణమును గూర్చియో యై యుండును. అట్టివి మేమును మునుపు వ్రాసితిమి. చదువరులు దయతో సహించిరి. ఈ యేడు రాతి శాసనములను విడిచి కాగితపు శాసనములను గూర్చి వ్రాయ సాహసించుచున్నాము. మన యిండ్లలో నేడు పెండ్లి యెప్పుడు జరుగవలయునో, తల్లి మంచము పట్టినపుడు కొడుకు రాగలడో లేడో నిర్ణయించుచున్నవి ఈ రెండవ తెగ శాసనములే. వానికిని చరిత్ర కలదు.

పోయిన సంవత్సరపు సభలో భోజనానంతరమున ఒక పెద్దమనుష్యుడు మమ్ము పందిరి ప్రక్కకు బిలిచెను. వ్యవసాయము చేసికొనువాడు. ఆయన కుమారుడు మన జిల్లా వైద్యకళాశాలలో చదివి, అమెరికా వెళ్ళి, మూడేండ్లు రెసిడెన్సీ ముగించెనట. "అయ్యా, చదువైపోయిన తరువాత రెండేండ్లు దేశానికి తిరిగిపొమ్మని అక్కడి దొరతనమువారు చెప్పుచున్నారట. మావాడేమైనా తప్పు చేసినాడా? నాతో దాచుచున్నాడేమో మీరు కనుక్కొని చెప్పండి" అని యడిగెను. ఆ మాట యడుగునపుడు ఆయన కంఠము వణకినది. కుమారుడు తప్పేమియు చేయలేదు. ఆ యాజ్ఞ అతడు పుట్టుటకు పెక్కేండ్లు ముందు చేయబడినది. నిలుచున్నపాటున మేము చెప్పిన సమాధానము ఆయనకు తృప్తి కలిగింపలేదు, మాకును కలుగలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు మేము బాకీపడిన యుత్తరము.

ముందుగా రెసిడెన్సీ యనగా నేమో చెప్పవలసియున్నది. ఇచ్చట వైద్యపట్టము బడసినవాడెంత నిపుణుడైనను, అమెరికాలో స్వతంత్రముగా వైద్యము చేయుటకు సామాన్యముగా అచ్చటి ఆసుపత్రిలో మఱల శిష్యుడై కొన్ని సంవత్సరములు పని చేయవలయును. సాధారణ వైద్యమునకు మూడేండ్లు, శస్త్రవైద్యమునకు అయిదు, మెదడు శస్త్రచికిత్సకు ఏడు. జీతమిత్తురు, రాత్రింబవళ్ళు పని చేయింతురు. ఈ శిక్షణ జూలై 1వ తేదీ ప్రాంతమున మొదలై జూన్ 30తో ముగియును. ఈ జూన్ 30ని చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక; దానితో ముందు పని కలదు.

మనవారిలో ఈ త్రోవ మొదట ద్రొక్కినవారిలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నామము స్మరణీయము. భీమవరమున 1895లో జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివి, 1920 దశాబ్దపు తొలినాళ్ళలో ఆయన బోస్టను పట్టణము చేరెను. ఖద్దరు ధరించినందున ఆంగ్లేయ అధ్యాపకుని యాగ్రహమునకు గుఱియై, పూర్ణ పట్టమునకు బదులు దానికి తక్కువదియగు ఎల్.ఎమ్.ఎస్. మాత్రమే పొందెననుట ప్రసిద్ధము. బోస్టనులో ఆయనకు దొరకిన మొదటి కొలువు వైద్యునిది గాదు. ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకుని పని. అట్టివాడు తరువాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనాధిపతియై లోకమునకు మందుల నందించెను. అయినను 1948 ఆగస్టులో మరణించునాటికి ఆయన ఆ దేశపు పౌరుడు కాలేదు. చాలకాలము కాదలచినను కాజాలడు. 1917 నాటి శాసనము మన దేశమును నిషిద్ధమండలములో చేర్చినది. విద్యార్థులకు మాత్రము సందు విడిచినది. 1923లో అచ్చటి ఉన్నత న్యాయస్థానము భగత్ సింగ్ థింద్ అను సిక్కు వ్యాజ్యములో హిందూదేశీయులు పౌరసత్వమునకు అనర్హులని తీర్పు చెప్పినది. 1946 జూలైలో గాని ఆ యనర్హత తొలగలేదు. అప్పుడిచ్చిన వాటాయైన నెంత? ఏటికి నూఱుగురు. అప్పటికి నలువది కోట్లకు చేరువగా నున్న దేశమునకు నూఱు!

మఱి మన వైద్యులు వేలకొలది ఎట్లు పోయిరి? ప్రధానద్వారము మూసియుండగా ప్రక్కద్వారము తెఱవబడినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో ఆసుపత్రులు పెరిగినవి. వానిలో శిష్యవైద్యుల స్థానములు దేశీయ విద్యార్థుల సంఖ్యను మించిపోయినవి. ఆ సమయముననే, 1948 జనవరిలో, పరదేశీయులను విద్యావినిమయము పేర రప్పించుటకు స్మిత్-మండ్ట్ శాసనము పుట్టినది. దేశదేశములకు స్నేహము పెంచుట దాని యుద్దేశము. ఆసుపత్రులకు రాత్రి కాపలా వైద్యులు దొరకుట దాని ఫలములలో నొకటి. రెండును ఒక్క కాగితముమీదనే నెఱవేఱినవి.

ఇచ్చట కాకర్ల సుబ్బారావుగారి జీవితమును తలచుకొనవలసియున్నది. కృష్ణాజిల్లా పెదముత్తేవిలో 1925లో పుట్టి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివి, 1951లో ఆయన అమెరికా వెళ్ళెను. ఎక్స్‌రే వైద్యశాస్త్రములో శిక్షణ పొంది, 1956లో స్వదేశమునకు తిరిగివచ్చి హైదరాబాదులో ఉస్మానియా వైద్యకళాశాలలో పనిచేసెను. 1970లో మఱల అమెరికాకు, 1986లో నిజాం వైద్యవిజ్ఞానసంస్థ అధిపతిగా మఱల హైదరాబాదునకు! ఒక్కని జీవితములో ఇన్ని రాకపోకలు. ఆయన మొదటిసారి తిరిగివచ్చిన 1956వ సంవత్సరమే మన కథకు ముఖ్యమైన సంవత్సరము. ఆ యేటి జూన్ నెలలో అమెరికా శాసనసభ యొక సవరణ చేసి, వినిమయము క్రింద వచ్చినవాడు రెండేండ్లు స్వదేశములో నివసించిన పిదపగాని శాశ్వతనివాసమునకు దరఖాస్తు పెట్టరాదని విధించినది. నేర్చుకొన్న విద్య సొంతగడ్డకు ఉపయోగపడవలయుననియే చెప్పిన కారణము. మేము దానిని అపహసింపము. అది మంచి కారణమే. మన కళాశాలలలో వైద్యవిద్యకైన ఖర్చు అధికభాగము రైతు పన్నులనుండియే వచ్చినదని మనము మఱవరాదు.

ఆ 1956లోనే విదేశీ వైద్యుల యోగ్యతను పరిశీలించుటకు ఇ.సి.ఎఫ్.ఎం.జి. యనబడు సంస్థ యేర్పడినది. 1958లో మొదటి పరీక్ష జరిపినది. మన పెద్దవారిలో కొందఱకు ఈ అయిదక్షరములు గాయత్రివలె కంఠస్థము. 1970 దశాబ్దమున ఆ పరీక్ష మన దేశములో వ్రాయ వీలులేక, అప్పులు చేసి కొలంబోకును సింగపూరునకును పోయి వ్రాసివచ్చిన వైద్యులు నేటికిని మన సభలలో ముందు వరుసలో గూర్చుండుచున్నారు. వారి యనుభవములను ఎవరైన వ్రాసి భద్రపఱచిన బాగుండును. శిలాశాసనములకున్న ఆయువు మనుష్యుల జ్ఞాపకములకు లేదు.

1961లో ఫుల్‌బ్రైట్-హేస్ శాసనముచే వినిమయ వీసాకు జె అను అక్షరము వచ్చినది. నేడు మనవారు జె-1 అని పిలుచునది ఇదియే. పిదప 1965 వచ్చినది. ఆ సంవత్సరమున రెండు శాసనములు రెండు నెలల యెడముతో పుట్టినవి. జూలై 30న వృద్ధులకు ప్రభుత్వమే వైద్యవ్యయము భరించు మెడికేర్ శాసనము. అక్టోబరు 3న, దేశమునుబట్టి వాటాల నిచ్చు పాత పద్ధతిని రద్దుచేసి, వృత్తినిపుణులకు ప్రాధాన్యమిచ్చిన వలసశాసనము. ఒకటి వైద్యుల యవసరమును పెంచినది, రెండవది వారు వచ్చు ద్వారమును వెడల్పు చేసినది. వైద్యవృత్తిని కార్మికశాఖవారు కొఱతవృత్తుల పట్టికలో నుంచిరి. 1970లో రెండేండ్ల నిబంధన పట్టునుగూడ సడలించిరి. గుంటూరు, విశాఖ, కర్నూలు, కాకినాడ, వరంగల్లు, హైదరాబాదు కళాశాలలనుండి తరగతులకు తరగతులే విమానమెక్కిన కాల మదియే. ఆనాడు పోయినవారికి గ్రీన్ కార్డు కష్టమైన వస్తువు కాదు. అందుచేతనే ఆ తరమువారు నేటి పిల్లల మొఱలను విని "మాకు లేని చిక్కులు మీకెక్కడివి?" యని యాశ్చర్యపడుచుందురు. చిక్కులు పిల్లలలో లేవు, సంవత్సరములో నున్నవి.

ఆ సంవత్సరము 1976. అక్టోబరు 12వ తేదీని చేయబడిన ఆరోగ్యవృత్తుల విద్యాసహాయశాసనము, అమెరికాలో వైద్యుల కొఱత ఇక లేదని ప్రకటించినది. పదునొకండేండ్ల క్రిందట రమ్మన్నవారే ఇపుడు చాలునన్నారు. 1977 జనవరినుండి క్రొత్త పరీక్ష వచ్చినది; వైద్యులు హెచ్ తరగతి వీసాపై రోగులను చూచుటకు రాకుండ ద్వారము మూయబడినది, బోధనకును పరిశోధనకును మాత్రము సందు మిగిలినది; జె-1పై శిక్షణకు వచ్చు వైద్యులందఱికిని, ఎవరి ధనముతో వచ్చినను, రెండేండ్ల నిబంధన కట్టుదిట్టము చేయబడినది. అంతేగాదు, ఇతర వినిమయ సందర్శకులు తమ ప్రభుత్వము అభ్యంతరము లేదని వ్రాసి యిచ్చిన విముక్తి పొందవచ్చును, శిక్షణపొందు వైద్యునికి ఆ కాగితము చెల్లదు. పైగా ప్రయాణమునకు ముందే మన కేంద్ర ఆరోగ్యశాఖ ఈ విద్య నేర్చినవారు మాకు కావలయునని అవసరపత్రము నొకదాని నియ్యవలయును. వైద్యుడు తిరిగివత్తునని వ్రాసి యియ్యవలయును. ఆ పెద్దమనుష్యుని కుమారుడు సంతకము పెట్టిన కాగితములలో నిదియు నొకటి. ఇరువదియైదేండ్ల వయస్సున, ఆసుపత్రిలో స్థానము దొరకెనన్న సంతోషములో, ఎవరు చదివి సంతకము పెట్టుదురు?

1990 వలసశాసనమును, 1991 నాటి దాని సవరణయును హెచ్-1బి యను ద్వారమును వైద్యులకు మఱల తెఱచినవి. అమెరికా వైద్యపరీక్షలన్నిటిలో నుత్తీర్ణుడైనవాడు దానిపై శిక్షణ పొందవచ్చును, పిదప ఉద్యోగము చేయవచ్చును; రెండేండ్ల నిబంధన దానికి లేదు. అప్పటినుండి మన పిల్లలకు రెండు త్రోవలేర్పడినవి. ఏ త్రోవన ప్రవేశించితిమో దానినిబట్టియే, మూడేండ్లకో ఏడేండ్లకో, నిర్గమద్వారము నిర్ణయమగును. ఈ సంగతి తెలియకయే ప్రయాణమైపోవువారి సంఖ్య మన సంఘములో తక్కువ గాదు. మా యింటనే యొక బిడ్డ విషయమున నిట్లే జరిగినది. సలహా చెప్పిన మధ్యవర్తి "ఏ వీసా అయితేనేమి, విమానము ఒక్కటే" యని నవ్వెను. విమాన మొక్కటియే. రేవులు వేఱు.

ఇక జె-1పై పోయినవారి కథకు ప్రాణమిచ్చిన శాసనము 1994 నాటిది. ఉత్తర డకోటా రాష్ట్రమునుండి ఎన్నికైన కెంట్ కాన్రాడ్ అను సెనేటరు దానికి కర్త. ఆ రాష్ట్రము విశాలమైనది, జనము తక్కువ, చలి దుర్భరము. పల్లెపట్టణములకు వైద్యులు రారు. పెద్దపట్టణములలో రెసిడెన్సీ ముగించిన విదేశవైద్యులను ఒకవంక స్వదేశమునకు పంపివేయుచు, మఱియొకవంక తమ రోగులకు వైద్యుడు లేడని విలపించుట యేమి వివేకమని ఆయన కనిపించియుండును. వైద్యులు తక్కువయని ప్రభుత్వము గుర్తించిన ప్రాంతములో మూడేండ్లు పూర్తికాలము పనిచేయుటకు ఒడంబడిన వైద్యునికి రెండేండ్ల నిబంధననుండి విముక్తి యియ్యవచ్చునని శాసనము చేయించెను. రాష్ట్రమునకు ఏటికి ఇరువదిమంది. 2002లో అది ముప్పదియైనది. నేడు దానిని కాన్రాడ్ ముప్పది యని పిలుచుచున్నారు.

ఇచ్చట మా మనస్సులోని మాట యొకటి చెప్పక తప్పదు. రెండేండ్ల నిబంధన పుట్టినది మన పల్లెల కొఱకు. వైద్యుడు లేని దేశమునకు వైద్యుడు తిరిగిపోవలయునన్నదే దాని ధర్మము. దానినుండి విముక్తి దొరకునది వారి పల్లెల కొఱకు. మన కొఱత కాగితముపై నిలిచినది. వారి కొఱత కాగితమును మార్చినది. ఇందు అమెరికావారిని దూషింప మేము తలపము. తన యింటి రోగిని ముందు చూచుకొనుట ఏ ప్రభుత్వమునకైనను ధర్మమే. మన ప్రభుత్వము అవసరపత్రముపై సంతకము పెట్టి, తిరిగివచ్చినవానికి పల్లెలో కొలువెక్కడనో చూపకపోవుట మాత్రము మాకు నవ్వును దుఃఖమును ఒక్కసారిగా తెప్పించుచుండును. 2008లో భారత వైద్యమండలి అమెరికా మొదలగు అయిదు ఆంగ్లభాషాదేశముల ఉన్నత వైద్యపట్టములను గుర్తించినది, అది మంచిపని. కాని పట్టమును గుర్తించుట వేఱు, మనుష్యునికి తావు చూపుట వేఱు.

కాన్రాడ్ పద్ధతి నడచు విధమును కొంచెము వివరింతుము. రెసిడెన్సీ చివరి సంవత్సరమునకు ముందే వైద్యుడు కొఱతప్రాంతములో యజమానిని వెదకుకొని ఒడంబడిక వ్రాసికొనవలయును. ఆ రాష్ట్రపు ఆరోగ్యశాఖ దరఖాస్తును చూచి సిఫారసు చేయును. ఆ సిఫారసు వాషింగ్టనులోని విదేశాంగశాఖకు, అటనుండి వలసశాఖకు పోవును. విముక్తి దొరకిన పిదప వైద్యుడు హెచ్-1బి స్థితికి మాఱి మూడేండ్లు పనిచేయవలయును. అనేక రాష్ట్రములు తమ ముప్పది స్థానములకు దరఖాస్తులను అక్టోబరు ప్రాంతమున తీసికొనును. కొన్ని రాష్ట్రములందు తొలిదినములలోనే నిండిపోవును; కొన్నిటియందు సంవత్సరాంతమునను మిగిలియుండును. ఇందొక వింత చూడుడు. 2020 జనాభాలెక్కలలో కాలిఫోర్నియా దాదాపు 3 కోట్ల 95 లక్షలు, ఉత్తర డకోటా 8 లక్షలకు లోపు. రెంటికిని ముప్పదియే. ఆ ముప్పదిలో పది స్థానములవఱకు, కొఱతప్రాంతమునకు వెలుపల నున్నను అట్టి ప్రాంతపు రోగులను చూచు ఆసుపత్రులకు ఇయ్యవచ్చునని 2004లోను 2008లోను చేసిన సవరణలు అనుమతించినవి.

ఈ మూడేండ్ల మాట తేలికగా తీసికొనరాదు. యజమానితో సరిపడకపోయినను, చెప్పిన దొకటి చేయించిన దొకటి యైనను, ఊరక విడిచిపోరాదు. ఆసుపత్రి మూతపడుట వంటి యసాధారణ కారణము నిరూపించినగాని వేఱొక కొఱతప్రాంతమునకు మాఱ వీలులేదు. విడిచిన యెడల రెండేండ్ల నిబంధన మఱల మెడకు చుట్టుకొనును. ఒడంబడికలో జీతమెంత యని మాత్రమే చూచి, రాత్రి పిలుపులెన్ని, మధ్యలో మానిన కట్టవలసిన పరిహారమెంత యని చూడనివారు తరువాత విచారించిరి. న్యాయవాదికిచ్చు రుసుమునకు వెనుదీయువారు వరకట్నమునకు వెనుదీయరు. ఇది మన సంఘమునకే ప్రత్యేకము గాదని మా నమ్మకము.

ఇంకొక సంగతి. ఈ కాన్రాడ్ శాసనము శాశ్వతము గాదు. నిర్ణీత కాలమునకే చేయబడి, గడువు తీరినపుడెల్ల శాసనసభచే పొడిగింపబడుచు వచ్చినది. కావున దరఖాస్తు పెట్టు సంవత్సరమున అది జీవించియున్నదా యని ముందు విచారింపవలయును.

కాన్రాడుతో పాటు ఇతర విముక్తులును కలవు. అపలేచియా కొండప్రాంతపు సంస్థ, మిసిసిపీ డెల్టా ప్రాంతపు సంస్థ, మాజీ సైనికుల ఆసుపత్రులు, కేంద్ర ఆరోగ్యశాఖ, ఇవియు తమ యవసరమును బట్టి సిఫారసు చేయగలవు. అమెరికా పౌరురాలో శాశ్వతనివాసియో యైన భార్యకు గాని బిడ్డకు గాని అసాధారణ కష్టము కలుగునని నిరూపించిన నొక మార్గము. స్వదేశములో హింసకు గుఱియగుదునని నిరూపించిన మఱియొకటి. అసాధారణ ప్రజ్ఞావంతులకిచ్చు ఓ-1 వీసాకు రెండేండ్ల నిబంధన అడ్డురాదు. అయితే అది నిబంధనను తీర్చదు, వాయిదా వేయును. రెండేండ్లు నిజముగా తిరిగివచ్చి స్వదేశములో నుండుటయు నొక మార్గమే. ఆ రెండేండ్లు ఒక్కసారిగా గడుపవలసినపనియు లేదు; విడివిడిగా గడిపినను మొత్తము చూతురు.

హెచ్-1బిపై రెసిడెన్సీ చేసినవారికి ఈ గండము లేదు. వేఱు గండము కలదు. హెచ్-1బిల వార్షిక పరిమితి 65,000. అమెరికాలో పై పట్టము పొందినవారికి మఱి 20,000. మన వైద్యపట్టము ఈ రెండవదానిలో చేరదు. విశ్వవిద్యాలయములకును, వానితో సంబంధముగల లాభాపేక్షలేని ఆసుపత్రులకును 2000 నాటి శాసనమువలన ఈ పరిమితి లేదు. అందుచే శిక్షణకాలములో చిక్కులేదు. శిక్షణ ముగిసి స్వతంత్ర వైద్యశాలలో చేరవలెనన్న లాటరీలో పేరు రావలయును. వచ్చినను ఉద్యోగము అక్టోబరు 1ననే మొదలగును. రెసిడెన్సీ ముగియునది జూన్ 30. నడుమ మూడు నెలలు! అద్దెకిచ్చినవాడును అంగడివాడును ఈ మూడు నెలలు క్షమింపరు; వలసశాఖ అంతకంటె క్షమింపదు. జె-1నుండి కాన్రాడ్ విముక్తి పొందినవారికి మాత్రము 2004 సవరణవలన ఈ పరిమితి వర్తింపదు. కష్టమైన త్రోవయని తలచినది ఇచ్చట సులభమగుట, సులభమనుకొన్నది కష్టమగుట చూడుడు. హెచ్-1బికి మొత్తము గడువు ఆఱేండ్లు. అందులో రెసిడెన్సీయే మూడేండ్లో అయిదేండ్లో మ్రింగివేయును. మఱియు జె-1వాని భార్య అనుమతి పొంది ఉద్యోగము చేయవచ్చును. హెచ్-1బివాని భార్యకు 2015 నాటి నియమము ప్రకారము, భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటినగాని ఆ యవకాశము లేదు. దంపతులిరువురును వైద్యులైన యిండ్లలో ఇది చిన్న సంగతి గాదు.

రెండు త్రోవలును తుదకు కలిసికొనునది గ్రీన్ కార్డు వరుసలో. ఉద్యోగమును బట్టి ఇచ్చు శాశ్వతనివాసములు ఏటికి సుమారు 1,40,000; ఏ యొక్క దేశమునకును నూటికి ఏడుకు మించరాదు. చిన్న దేశమువానికి వరుసయే లేదు. మనవానికి వరుస వీధి చివరవఱకు. 1999లో చేసిన శాసనమువలన, కొఱతప్రాంతములో అయిదేండ్లు పనిచేయ నొడంబడిన వైద్యుడు జాతీయ ప్రయోజనము పేర దరఖాస్తు పెట్టవచ్చును. కాన్రాడ్ మూడేండ్లును అందులో లెక్కకు వచ్చును. కాని దరఖాస్తు అంగీకరింపబడినంతమాత్రమున కార్డు రాదు. 2025 అక్టోబరు పట్టికలో, వైద్యులు సాధారణముగా చేరు రెండవ తరగతిలో, భారతీయుల వరుస 2013 ఏప్రిల్ నాటి దరఖాస్తులవద్ద నిలిచియుండెను. ఇచ్చట పుట్టి తల్లిదండ్రులతో పోయిన బిడ్డ, ఈ వరుస కదలకమునుపే ఇరువదియొకటవ యేడు దాటిన యెడల సామాన్యముగా తల్లిదండ్రుల దరఖాస్తునుండి జాఱిపోవును. 2002 నాటి బాలస్థితి రక్షణ శాసనము వయస్సును కొంతవఱకు తగ్గించి లెక్కించుచున్నది, అందఱిని కాపాడలేకున్నది. ఊరివారి కందఱికిని మందిచ్చు వైద్యుని బిడ్డ పరాయివాడై వేఱొక వీసాకై పరుగిడుట కంటె చోద్యమేమున్నది?

2025లో జరిగినవానిని గూర్చి రెండు మాటలు. మే 27నుండి జూన్ 18వఱకు వినిమయ వీసాల క్రొత్త సంభాషణలకు తేదీలిచ్చుట ఆపివేసిరి. జూలై 1న శిక్షణ మొదలుకావలసిన వైద్యులు తెల్లవారులు కంప్యూటరుముందు గూర్చుండిరి. సెప్టెంబరు 19న అధ్యక్షుడొక ప్రకటన చేసి క్రొత్త హెచ్-1బి దరఖాస్తుపై లక్ష డాలర్లు రుసుము విధించెను. అక్టోబరు 20న వలసశాఖ యిచ్చిన వివరణలో, ఆ దేశములోనే యుండి జె-1నుండి హెచ్-1బికి మాఱువారికి ఇది వర్తింపదని చెప్పిరి. 1965, 1976, 1994, 2025: రమ్మనుట, చాలుననుట, మఱల రమ్మనుట, మఱల ఆపుట. శాసనములను కాలక్రమమున పేర్చినచో సముద్రపు పోటుపాటులవలె కనబడును.

మన విద్యానిధి పోషకులకు మా మనవి యొకటి. హెచ్-1బిపై రెసిడెన్సీ చేయదలచినవాడు శిక్షణ ఆరంభమునకు ముందే స్టెప్ 3 అను తుదిపరీక్ష ముగింపవలయును. మిగిలిన వ్రాతపరీక్షలు మన దేశములోనే వ్రాయవచ్చును. ఇది మాత్రము అమెరికా గడ్డమీదనే వ్రాయవలయును. రుసుమునకు ప్రయాణవ్యయమును, బసయును తోడగును. కలిగినవారి పిల్లలు పోయి వ్రాసివచ్చుచున్నారు. లేనివారి పిల్లలు వ్రాయలేక, ఆసుపత్రివా రిచ్చిన జె-1నే తీసికొనుచున్నారు. రెండు త్రోవలలో ఏది మంచిదని మేము చెప్పము. అది వారి వారి వైద్యశాఖను, కుటుంబమును బట్టి యుండును. పైగా పెక్కు ఆసుపత్రులు హెచ్-1బి నియ్యనే యియ్యవు. కాని ఎన్నుకొనుటకు తావుండుట వేఱు, లేమిచే నెట్టబడుట వేఱు. ఏటికి ఇద్దఱు ముగ్గురు పేదవైద్యులకు ఈ పరీక్షాప్రయాణమునకు సాయముచేయు దాత యొకడు మన సభలో లేడా?

ఆ పెద్దమనుష్యుడు ఈ సంక్రాంతికి మా యింటికి వచ్చెను. కుమారునికి ఉత్తరదిక్కున ఒక చిన్న పట్టణపు ఆసుపత్రిలో ఒడంబడిక కుదిరినదట. రాష్ట్రమువారి సిఫారసును వచ్చినదట. మేము వ్రాసియుంచిన ఈ పుటలను చదివి వినిపించితిమి. 1956 అని చెప్పినపుడు ఆయన "అప్పటికి నాకు పెండ్లి కాదుకదా, నేను పుట్టనేలేదు" అని మొదటిసారి నవ్వెను. పిదప ఆ యూరు ఎక్కడ నున్నదో చూపుమనెను. మా యింటి పాత భూగోళపటములో అది లేదు. మనుమరాలు తన ఫోనులో వెదకి చూపినది: రెండు రోడ్లు, ఒక ధాన్యపు కొట్టము, చుట్టును మంచు. ఆయన చాలసేపు చూచి, "పంట పండే నేలే" యనెను. ఊరిపేరును తెలుగు అక్షరములలో వ్రాసి యిమ్మని కోరెను, వ్రాసి యిచ్చితిమి. క్రింద మూడేండ్లు పూర్తియగు తేదీనిగూడ వేయుమనెను.